8×42 బైనాక్యులర్: ఇంటి చుట్టూ పిట్టపిల్లల్ని చూడటానికి ఎలా ఉంది?

ఉగాదికి ముందు కొన్న బైనాక్యులర్ ఇది. వేసవి సగం గడిచింది కాబట్టి ఇప్పుడు నమ్మకంగా రాయగలను. మాది తెనాలి, నాకు మందుల షాపు ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకి షటర్ ఎత్తితే రాత్రి పదికి గానీ దించను. ఆదివారం సాయంత్రం ఒక్కటే తీరిక. అందుకని నేను పిట్టల్ని చూసేది పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, అదీ మా మేడ మీద నుంచే. వయసు యాభై దాటింది, కళ్లద్దాలు తీస్తే ఎదుటి మనిషి మొహం కూడా ఆనదు. అడవుల్లో జీపులెక్కి పులుల కోసం తిరిగేవాళ్లకు ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. మేడ, బాల్కనీ, పెరడు ఉండి, చుట్టుపక్కల నాలుగు చెట్లు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ధర తొమ్మిది వేల చిల్లర. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే ధరలో ఇవే అంకెలున్నవి నాలుగైదు కంపెనీలు అమ్ముతున్నాయి. పైగా కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి. పేరు పక్కన పెట్టి డబ్బా మీద అంకెలు చదవండి, అసలు సంగతంతా వాటిలోనే ఉంటుంది.

8 అంటే వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని. 42 అంటే ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. కంటి దగ్గరికి చేరే వెలుగు బిళ్ల వ్యాసం అది. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు కాబట్టి ఎండలో 8×32 పట్టుకున్నా ఇంతే వెలుగు కనిపిస్తుంది, చేతికి బరువూ తగ్గుతుంది. 42కి పెట్టిన డబ్బు గిట్టేది తెల్లారగట్ల, మునిమాపు వేళ. ఆ సంగతి గుడ్లగూబల దగ్గర చెప్తాను.

పది రెట్లది ఎందుకు కొనలేదని చాలామంది అడిగారు. మా బావ దగ్గర 10×50 ఉంది. పట్టుకుంటే కిలో తూకంరాయి ఎత్తినట్టు ఉంటుంది. పది రెట్లు పెద్దగా చూపించేది మన చేతి వణుకును కూడా పది రెట్లు చూపిస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, చూపు వెడల్పు తగ్గిపోవడం. నా దాని డబ్బా మీద 1000 మీటర్ల దగ్గర 129 మీటర్లు అని ఉంది. అంటే పది మీటర్ల దూరంలో ఉన్న కొమ్మ మీద మీటరుంపావు మేర ఒకేసారి కనిపిస్తుంది. పెద్ద పిట్ట ఒకచోట కూర్చుని ఉంటే ఎంత ఇరుకు చూపైనా సరిపోతుంది. కానీ అప్పుడే గూడు దిగిన పిల్ల అలా కుదురుగా ఉండదు. ఒక కొమ్మ మీద నుంచి ఇంకో కొమ్మ మీదికి పడుతూ లేస్తూ గెంతుతుంది. దాన్ని ఒకసారి పోగొట్టుకుంటే ఆకుల్లో మళ్లీ దొరకదు. మా బావ తన దానితో పికిలిపిట్ట పిల్లను వెతికి వెతికి, చివరికి "బావా, నీదిలా ఇవ్వు" అన్నాడు. తర్వాత ఆ పూటంతా తిరిగివ్వలేదు. పైగా 50ని 10తో భాగిస్తే వచ్చేది 5. అంత బరువు మోసినా వెలుగులో అదనంగా దక్కేది ఏమీ లేదు.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు తప్పక చూసుకోవాల్సిన అంకె ఇంకొకటి ఉంది: వెనక అద్దానికీ కంటికీ మధ్య ఎంత దూరం దాకా బొమ్మ మొత్తం కనిపిస్తుందీ అన్నది. ఐ రిలీఫ్ అంటారు. నా దానికి 17 మిల్లీమీటర్లు. 15 కంటే తక్కువ ఉంటే కళ్లద్దాలతో చూసినప్పుడు అంచులు నల్లగా కోసుకుపోయి, కిటికీ సందులోంచి తొంగిచూసినట్టు ఉంటుంది. కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పేసి అద్దాల మీదే ఆనించి చూడాలి. అద్దాలు లేనివాళ్లు బయటికి తిప్పుకోవాలి. మా ఇంట్లో నేనూ మా ఆవిడా మార్చి మార్చి చూస్తాం కాబట్టి ఈ కప్పులు రోజూ తిరుగుతూనే ఉంటాయి. ఇప్పటికి వదులు కాలేదు.

ఇక నాకు బాగా నచ్చిన గుణం, దగ్గరి వస్తువులను పట్టుకోవడం. ఇది రెండున్నర మీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూపిస్తుంది. చవక రకాలు కొన్ని ఐదారు మీటర్ల లోపు ఉన్నదాన్ని మసగ్గానే చూపిస్తాయి. అడవిలో ఆ తేడా తెలియదు గానీ ఇంట్లో అదే అసలు తేడా. మా వంటింటి కిటికీ అవతల, సన్‌షేడ్ కింద వేలాడే పాత కేబుల్ వైరుకి తేనెపిట్ట గూడు కట్టింది. కిటికీ నుంచి మూడు మీటర్లు ఉంటుందేమో. మగదానికి నడుము దగ్గర ఊదారంగు మెరుపు, పొట్ట పసుపు. ఆడది బూడిద, పసుపు కలిసిన రంగులో నిరాడంబరంగా ఉంటుంది, గూటి పనంతా దాదాపు దానిదే. మామూలు కంటికి ఆ గూడు వైరుకి పట్టుకున్న చెత్తలా కనిపిస్తుంది. బైనాక్యులర్‌లో చూస్తే సాలెపురుగు దారాలు, ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, గొంగళిపురుగుల రెట్టలు కూడా కలిపి అల్లిన సంచి. ద్వారం మీద చిన్న చూరు. ఆ చూరు సంగతి మా ఆవిడ కనిపెట్టింది. "మన ఇల్లు కట్టిన మేస్త్రీ కూడా ఇంత పద్ధతిగా సన్‌షేడ్ పొయ్యలేదండీ" అంది.

పిల్లలు పుట్టాక వంటింట్లో పని సగం ఆగిపోయింది. పేరుకు తేనెపిట్టలే గానీ పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులూ సాలీళ్లూ. తల్లీ తండ్రీ ఇద్దరూ తెస్తారు. మేత పెట్టాక ఒక్క క్షణం ఆగుతారు. పిల్ల వెనక్కి తిరిగి తెల్లటి పొరలో చుట్టినట్టున్న రెట్ట వేస్తుంది, తల్లి దాన్ని ముక్కుతో అందుకుని దూరంగా ఎక్కడో వదిలేసి వస్తుంది. గూట్లో మరక ఉండదు, వాసన ఉండదు. రోజూ డైపర్లు అమ్మే నాకు ఇది చూస్తే కొంచెం ఈర్ష్యగానూ కొంచెం వ్యాపారానికి దెబ్బగానూ అనిపించింది.

ఇదంతా కిటికీ దగ్గరికి వెళ్లి మామూలు కళ్లతో చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు, కానీ తేనెపిట్ట రాదు. మొహం కిటికీకి ఆనిస్తే అది నోట్లో పురుగుతో ఎదురు వైరు మీద కూర్చుని చిక్ చిక్ అంటూ ఉంటుంది, మనం కదిలేదాకా గూటివైపు రాదు. ఆ సేపంతా పిల్లలకు తిండి ఉండదు. అంతకంటే ముఖ్యం, మనం ఏ కొమ్మ దగ్గర మాటిమాటికీ నిలబడుతున్నామో కాకి గమనిస్తుంది, పిల్లి కూడా గమనిస్తుంది. అందుకే ఇప్పుడు వంటింటి అవతలి గోడకు కుర్చీ వేసుకుని అక్కడి నుంచే చూస్తున్నాం. ఫోన్‌లో ఫొటో కోసం గూడు దగ్గరికి చెయ్యి చాపేవాళ్లకు ఈ తొమ్మిది వేల ఖర్చు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. గూటికి దూరంగా కూర్చోబెట్టి, దగ్గరగా చూసిన తృప్తి ఇస్తుంది. ఈ వస్తువు విలువ నా లెక్కలో అదే.

పక్కింటివాళ్ల కాగితంపూల తీగలో పికిలిపిట్టల జంట ఉంది. తల మీద నల్ల జుట్టు, తోక కింద ఎరుపు. మా మేడ గోడ నుంచి వాటి గూడు కొంచెం కిందికి కనిపిస్తుంది, చూడటానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. పిల్లలు నోళ్లు తెరిస్తే లోపలి ఎరుపు, నోటి అంచున పసుపు, రెక్కల మీద ఇంకా విచ్చుకోని గొట్టాల్లాంటి ఈకలు, అన్నీ లెక్కపెట్టొచ్చు. గుడ్డులోంచి వచ్చిన రెండు వారాల లోపే ఇవి గూడు వదిలేస్తాయి. అప్పటికి సరిగా ఎగరడం రాదు, తోక మొండిగా ఉంటుంది. తోక కింద ఎరుపు కూడా ఇంకా పండదు. చూసేవాళ్లకు ఏదో ప్రమాదం జరిగి కింద పడిందనిపిస్తుంది.

మా ఇంటి ముందు కూడా అదే అయింది. ఎదురింటి ఎనిమిదో తరగతి అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "మావయ్య గారూ, పిట్టపిల్ల పడిపోయింది. మా ఇంట్లో అట్టపెట్టెలో పెట్టి పెంచుతాను" అంది. దాని ఒంటి నిండా ఈకలున్నాయి, కాళ్ల మీద నిలబడి గెంతుతోంది. అలాంటిది పడిపోయిన పిల్ల కాదు, బడికి బయల్దేరిన పిల్ల. "ముట్టుకోకమ్మా, మేడ మీదికి రా" అని పిలిచి చేతికి బైనాక్యులర్ ఇచ్చాను. కాసేపటికి తల్లి పచ్చటి పురుగును ముక్కున పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి బైనాక్యులర్ కళ్ల మీద నుంచి తియ్యకుండానే "పెట్టింది, పెట్టేసింది" అని అరిచింది. తర్వాత వీధి పిల్లి వాసన పట్టి వస్తుంటే దాన్ని తరిమి, పిల్లను ఎత్తి తీగ మీద కూర్చోబెట్టాం. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు, పిట్టలు ఆ వాసన పట్టించుకోవు. ఈకలు లేని పిల్ల దొరికితే గూడు వెతికి అందులోనే పెట్టాలి. పెంచుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు. రామచిలుకను ఇంట్లో పంజరంలో పెట్టడం కూడా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే అని ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారికి కూడా చెప్పాను. వాళ్ల బంధువుల ఇంట్లో ఒక పంజరం ఉందిలెండి.

వీధి చివర మునగచెట్టుకి ఎండిన కొమ్మ ఒకటి ఉంది. దాని కిందివైపు గుండ్రంగా తొలిచిన కన్నం. వేసవి మొత్తం సుత్తితో రేకు కొట్టినట్టు టుక్, టుక్, టుక్ అని మోగే కంసాలి పిట్ట ఇల్లు అది. ఏప్రిల్‌లో ఆ కన్నంలోంచి ఒక తల బయటికి వచ్చి వీధంతా చూడటం మొదలుపెట్టింది. పెద్ద పిట్టకు నుదుటి మీద ఎర్రబొట్టు ఉంటుంది. ఈ పిల్లకు బొట్టు లేదు, కళ్ల చుట్టూ పసుపు మాత్రం ఉంది. ఇరవై మీటర్ల దూరంలో ఈ తేడా చెప్పగలగడానికి ఎనిమిది రెట్లు చాలు.

ఈ బైనాక్యులర్ అద్దాల లోపం బయటపడిందీ అక్కడే. వెనక తెల్లటి ఆకాశం, ముందు నల్లటి కొమ్మ ఉంటే కొమ్మ అంచు వెంట ఊదా, పచ్చ గీతలు కనిపిస్తాయి. ముఖ్యంగా బొమ్మ పక్కల్లో. ఈ ధరకు ఇది మామూలే. ఎక్కువ డబ్బు పెడితే తగ్గుతుంది. పచ్చటి ఆకుల మధ్య చూసేటప్పుడు అసలు తెలియదు. నాకు మొదటి వారం కొట్టొచ్చినట్టు కనిపించింది, ఇప్పుడు పట్టించుకోవడం మానేశాను.

ఆదివారం సాయంత్రాలు గుడి వెనక చింతచెట్టు దగ్గరికి వెళ్తాం. దాని తొర్రలో పగిడిగంటలు, అంటే తెల్ల చుక్కల చిన్న గుడ్లగూబలు ఉన్నాయి. ఏప్రిల్‌లో మాకు ఆరున్నరకి కాస్త అటూ ఇటూగా పొద్దుగూకుతుంది. వెలుతురు తగ్గి ఆకుల రంగులు కలిసిపోయే వేళకు పిల్లలు తొర్ర అంచుకు వస్తాయి. పెద్దవాటికంటే బూజుబూజుగా ఉంటాయి. మనల్ని చూసి తల కిందికీ పైకీ, పక్కలకూ ఊపుతాయి. మనం ఎంత దూరంలో ఉన్నామో అవి అలా అంచనా వేసుకుంటాయి. మామూలు కంటికి చెట్టు మొద్దు నల్లగా అయిపోయాక కూడా ఈ 42 అద్దాల్లో ఆ పిల్లల పసుపు కళ్లు ఇంకాసేపు కనిపిస్తూనే ఉంటాయి. 32కి 42కి మధ్య పెట్టిన డబ్బు ఇక్కడ వసూలైంది. మీరు చూసేది పొద్దెక్కిన తర్వాతే అయితే ఆ డబ్బు మిగుల్చుకోండి.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడుకి కూడా మార్చిలో తీసుకెళ్లాం. చెరువులో సర్కారు తుమ్మచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. దగ్గరి చెట్లకు ఈ బైనాక్యులర్ హాయిగా సరిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కొంగలు గూటి మీద నిలబడి రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పట్టాయి. పెద్దవైన పిల్లలు పెద్ద కొంగల గులాబీరంగు లేకుండా బూడిదరంగులో ఉండి, గూటి అంచున రెక్కలు కొట్టుకుంటున్నాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి తింటుంది. బొమ్మల్లో చూసింది వేరు, కళ్లారా చూస్తే కాస్త భయమేస్తుంది. చెరువు అవతలి చెట్లకు మాత్రం ఎనిమిది రెట్లు చాలవు. అక్కడికి మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టే స్పాటింగ్ స్కోప్ అనే పెద్ద దుర్భిణి కావాలి, అది వేరే ఖర్చు. చేతి రుమాలు తీసుకెళ్లండి, రెట్టల వాసన ఘాటుగా ఉంటుంది.

గిజిగాడి గూళ్లు కూడా కనిపిస్తాయా అని షాపులో ఒకాయన అడిగారు. గిజిగాళ్లు అల్లేది వానలు మొదలయ్యాక, ఇప్పుడు కనిపించేవి పాతవి. కోకిల సంగతి కూడా కొంచెం ఆగాలి. మా వేపచెట్టు మీద కాకి పొదుగుతోంది, కోకిల పొద్దున నాలుగింటి నుంచే చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. కాకి గుడ్ల కంటే కోకిల గుడ్డు ముందు పగులుతుంది. ఆ గూట్లో ఎవరున్నారో పిల్లలకు ఈకలు వచ్చాక చూడాలి.

పిట్ట కనిపించకుండా కూత మాత్రం వినిపిస్తుంటే మెర్లిన్ యాప్ వాడుతున్నాను. కార్నెల్ పక్షి పరిశోధన సంస్థవాళ్లది, ఉచితం. మన దేశం ప్యాక్ ఒకసారి దింపుకుంటే నెట్ లేకపోయినా కూత విని పేరు చెప్తుంది. పేరు తెలిశాక ఆ వైపు బైనాక్యులర్ తిప్పడం తేలిక.

ఇప్పుడు తిట్లు. మెడ పట్టీ దారుణం. సన్నటి నైలాన్, ఎండలో చెమట పట్టిన మెడను కోసేస్తుంది. దాదాపు 650 గ్రాముల బరువు దాని మీద వేలాడాలి. బట్టల కొట్లో వెడల్పు నవారు కొని మా వీధి టైలరు చేత కుట్టించుకున్నాను. ముందు అద్దాల మూతలు ఊరికే ఊడిపోతాయి. ఒకటి మునగచెట్టు కింద కాలవలో పడింది, ఇక దొరకదు. కుడి కంటి దగ్గర రెండు కళ్ల చూపు తేడాను సరిచేసుకునే రింగు ఉంటుంది. నా దానిలో అది వదులు, చెయ్యి తగిలితే తిరిగిపోతుంది. ఒక కన్ను స్పష్టంగా, ఒక కన్ను మసగ్గా అయి తలనొప్పి వచ్చేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే నా ఖర్చుతో పార్శిల్ పంపమన్నారు, మూడు వారాలు పడుతుందన్నారు. పిట్టపిల్లలు మూడు వారాలు ఆగుతాయా? నాకు సరిపోయిన చోట రింగును పెట్టి, పైన నల్లటి ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేశాను. ఆ టెన్షన్ అంతటితో తీరింది. మా ఆవిడ చూపు తేడా నా తేడాకు దగ్గరగా ఉండటం మా అదృష్టం.

లోపల నైట్రోజన్ నింపారు కాబట్టి అద్దాల లోపలివైపు ఆవిరి పట్టదు. బయటివైపు పట్టకుండా ఎవరూ ఆపలేరు. మన కోస్తాలో ఏసీ గదిలోంచి పొద్దున్నే మేడ మీదికి తీసుకొస్తే ఐదు నిమిషాలు ఏమీ కనిపించదు. అందుకని రాత్రే హాల్లో పెట్టేస్తున్నాను. ఉక్కపోతకు అద్దాలకు బూజు పట్టకుండా డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. కొనక్కర్లేదు, మందుల సీసాల్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చేవి చాలు. మే నెల ఎండలో కారులో మాత్రం వదిలేయకండి. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు సూర్యుడి వైపు తిప్పొద్దని ముందే చెప్పండి. ఒక్క క్షణం చూసినా కన్ను పోయే ప్రమాదం ఉంది. మా మేడ మీద పొద్దున కూర్చునేటప్పుడు తూర్పుకి వీపు పెట్టి కూర్చుంటాం.

ఇంకొక ఇబ్బంది ఏ డబ్బా మీదా రాసి ఉండదు. మేడ మీద నిలబడి బైనాక్యులర్‌తో చూస్తే చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారు? మొదటి వారంలోనే ఎదురింటావిడ మా ఆవిడను అడిగిందట, "ఏంటండీ, అన్నయ్యగారు పొద్దున్నే ఇటే చూస్తున్నారు?" అని. ఆమెనూ వాళ్లాయన్నూ టీకి పిలిచి, తేనెపిట్ట గూడు చూపించాం. ఇప్పుడు ఆవిడే "అన్నయ్యగారూ, మా పెరట్లో కుట్టుపిట్ట ఆకులు కుడుతోంది, చూశారా?" అని కబురు పెడుతోంది. బైనాక్యులర్ కొంటే మొదటి రోజే ఇరుగుపొరుగుకి చూపించండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగిచ్చే గడువు లోపల ఇలా పరీక్షించండి: దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూడండి, రెండు కళ్లకూ ఒకే స్తంభం కనిపించాలి. కాస్త పక్కగా ఇంకో స్తంభం నీడలా కనిపిస్తే లోపలి అద్దాలు వంకరగా ఉన్నట్టు, వెంటనే వెనక్కి పంపండి. తర్వాత గోడ మీద క్యాలెండర్‌ను మూడు మీటర్ల నుంచి చదవండి, తిథి అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. చివరగా కుడివైపు రింగును ఒకచోట పెట్టి, బైనాక్యులర్‌ను సంచిలో వేసి తీసి, రింగు అక్కడే ఉందో లేదో చూడండి. కదిలిపోతే నాలాగా టేపు వెతుక్కోవద్దు, మార్చి ఇమ్మనండి.